సాక్షి చుక్క

నేను చుక్కల దగ్గర నౌకరీ చేసి రిటైరైన అని చెప్తే అందరు మొట్టమొదలు చేసేది ఒక్కటే, చెయ్యి చాపుతరు. జర చూడు అంటరు. ఒకసారి గుండ్లపోచంపల్లి దిక్కు ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఇంటికే కారేసుకొని వచ్చిండు, వెంచర్‌కు భూమిపూజ ఎప్పుడు పెట్టుకుంటే కలిసొస్తదో చెప్పుమని. నాయినా, నేను చుక్కల వెలుగు కొలిచినోన్ని, అవి నీ నొసట ఏం రాసినయో నాకు తెల్వదు అంటే వినలే. కొబ్బరికాయ, పండ్లు అరుగు మీద పెట్టి దండం పెట్టి పోయిండు. మా ఇంటామె ఆ పండ్లు వాడకట్టోళ్లకు పంచి, ఇన్నేండ్లకు నీ నౌకరీ అక్కెరకొచ్చింది అన్నది.

మీరు ఇప్పటి పిల్లలు, రాత్రంత కంప్యూటర్ల ముంగట కూసోని పనిచేస్తున్నరు, తెల్లారేసరికి ఆఫీసు బండి గల్లీల దించి పోతది. రాత్రి డ్యూటీ అంటే ఏందో మీకు నేను చెప్పే పనిలేదు. కానీ మీకు పక్క కుర్చీల ఎవరో ఒకరు ఉంటరు, ఫోన్ల అవతలి దిక్కన్న ఎవరో ఒకరు తిడుతుంటరు. నా డ్యూటీల మాట చప్పుడే తక్కువ. అందుకే గీ ఒక్క ముచ్చట మీకు చెప్పాలనిపించింది. ఇందుల నేను చేసిన ఘనకార్యం ఏం లేదు. నేను పక్కన నిలబడ్డ, అంతే.

శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట దిక్కు పోతుంటే ఒక బండల గుట్ట ఉండె. మా సంస్థ ఎన్నడో, ఆ దిక్కు కరెంటు బుగ్గలు సరిగ్గ లేని కాలంల, ఆ గుట్ట మీద పెద్ద దుర్బిణి పెట్టింది. గుండ్రటి గది, దాని మీద తిరిగే రేకుల గుమ్మటం. ఊరోళ్లు దాన్ని నీళ్ల ట్యాంకు అనుకునేటోళ్లు, నన్ను ఆ ట్యాంకుకు వాచ్‌మన్ అనుకునేటోళ్లు. నా అసలు పని వేరే. గుమ్మటం తలుపు తెరవాలె, దుర్బిణిని చెప్పిన చుక్క మీదికి తిప్పాలె, చుక్క జారిపోకుండ పట్టుకోవాలె, దాని వెనుక బిగించిన యంత్రం ఎర్రటి అంకెలు చూపెడ్తె చదివి చెప్పాలె. మొదట్ల మేం నలుగురం ఉంటిమి. ఒకాయన పిల్లల సదువు అని బదిలీ పెట్టుకున్నడు, ఒకాయనకు చూపు తగ్గింది, ఇంకొకాయన సిటీ ఆఫీసుల కుర్చీ దొరుకుడుతోనే తిరిగి చూడలే. వాళ్ల జాగల సంస్థ ఎవ్వరిని పంపలే. తొంభైల నడుమకొచ్చేసరికి గుట్ట మీద మిగిలింది నేనొక్కన్ని, మేడమ్ ఒక్కరు.

రాత్రి పనోని బతుకు ఎట్లుంటదంటే, ఊరంతటికి తెల్లారినప్పుడు మనకు పొద్దుగూకుతది. మా మరదలి పెండ్లి దేవరయాంజాల్ గుడిల చేసినం. తలంబ్రాల యాళ్లకు నేను స్తంభానికి ఒరిగి గుర్రు పెడుతున్న. ఫోటోలల్ల ఇప్పటికి ఉన్న, నోరు తెరుచుకొని. మా అత్తగారి దిక్కోళ్లు చాన ఏండ్లు నేను తాగొచ్చిన్నని అనుకున్నరు. పొద్దుగూకంగ మా ఇంటామె డబ్బాల బువ్వ పెట్టిస్తె నేను మోపెడ్ ఎక్కి పోయేది. మబ్బు పట్టిన రోజు తప్ప ఇద్దరం ఒక్కకాడ కూసోని రాత్రి బువ్వ తిన్నది లేదు. మబ్బు పడితె ఆమె సంబురపడేది, నేను మొకం మాడ్చుకునేది. ఆకాశం నాకు సవితై కూసున్నది అని ఒకసారి అన్నది. నవ్వుకుంటనే అన్నది గనక నేను సుత నవ్విన.

ఇగ మేడమ్ సంగతి. ఆమెది గుంటూరు దిక్కు. పెద్ద సదువు సదివి మా సంస్థల సైంటిస్టుగ వచ్చిండ్రు. మిగతా సైంటిస్టులు సిటీల ఉండి నెలకొకసారి మొకం చూపించి పోయేటోళ్లు, మేడమ్ మాత్రం శామీర్‌పేటల ఒక అర్ర కిరాయికి తీసుకొని అక్కడనే ఉన్నరు. పెండ్లెందుకు చేసుకోలేదమ్మా అని అడిగే ధైర్యం ఊర్ల అందరికి ఉండె, నాకు తప్ప. అడిగినోళ్లకు ఆమె, తీరిక దొరకలేదండీ అని చెప్పేటోళ్లు. అబద్ధం చెప్తున్నట్టు అనిపించకపోయేది. మొదట్ల నన్ను ఏమండీ అనేటోళ్లు, రెండు మూడేండ్లకు మా మాట అలవాటై అన్నా అనుడు మొదలువెట్టిండ్రు. అట్లని ముచ్చట్లు చెప్పుకునేటోళ్లం కాదు. చీకట్ల పనిచేసెటోళ్లకు మాటలు తగ్గిపోతయి. నడిమిట్ల ఆమె పెరుగన్నం డబ్బా తెరుస్తరు, నేను నా డబ్బా తెరుస్త, ఎవరి దిక్కు వాళ్లం తిని మళ్ల పనిల పడుతం.

మేడమ్ పట్టుకున్నది ఒక్కటే చుక్క. దానికి పేరు లేదు, పుస్తకంల నంబరు ఉన్నది, అంతే. నీలం కలిసిన తెలుపు. మన సూర్యుని కంటె మూడింతలకు మించి వేడి, వేల రెట్లు వెలుగు. సూర్యుని జాగల దాన్ని తెచ్చి పెడితె మన శామీర్‌పేట చెరువు ఏంది, సముద్రాలే ఇగిరిపోతయని మేడమ్ చెప్పేటోళ్లు. అంత ధగధగ మండేటిది మామూలు కంటికి ఆనదు. అంత దూరం. నేను ఆ రాత్రి చూసే వెలుగు అక్కడి నుంచి బయలెల్లినప్పుడు మన దిక్కు శాతవాహనులు రాజ్యం చేస్తుండ్రట. అది ఇన్నప్పుడు నాకు ఎట్లనో అయింది. అంత మండి, అంత దూరం నడిచొచ్చి, ఆఖరికి చూసేటోళ్లు ఎవరంటే మేమిద్దరం.

ఆ చుక్క వెలుగు ఒక్క తీరుగ ఉంటలేదని మేడమ్ కనిపెట్టిండ్రు. కొన్నాళ్లు జరంత తగ్గుతది, మళ్ల పెరుగుతది. జరంత అంటే, గిన్నెడు పాలల్ల ఒక చెంచ నీళ్లు పోసినంత. ఇంకేదో కనబడనిది దాని చుట్టు తిరుగుతున్నది, అడ్డమొచ్చినప్పుడల్ల వెలుగు తగ్గుతున్నది అని ఆమె లెక్క కట్టిండ్రు. దీనికి తోడుందన్నా అని నాతో చెప్పిన రోజు ఆమె మొకం ఎట్ల వెలిగిందంటె, గుమ్మటంల ఎర్రబుగ్గ తప్ప ఇంకేం లేకున్నా నాకు కనబడ్డది. తెల్లారి సేటు దుకాణంల పల్లీపట్టీలు కొనుక్కొచ్చి నాకు సగం పెట్టిండ్రు. నేను ఇంటికొచ్చి మా ఇంటామెకు చెప్పిన, మేడమ్ చుక్కకు తోడు దొరికిందని. ఆమె పొయ్యి ఊదుకుంట, నయమే, దానికన్న ఉన్నది అన్నది.

ఇక్కడ ఒక్క ముచ్చట మీరు అర్థం చేసుకోవాలె, కష్టమేం కాదు. చుక్క వెలుగు ఉత్తగ కొలిస్తె లాభం లేదు. గాలిల దుమ్మున్నా, తేమున్నా, పల్చటి మబ్బున్నా వెలుగు తగ్గినట్టే కనబడ్తది. అందుకని పక్కపొంటి ఎన్నడు మారని చుక్కను ఒకదాన్ని ఎంచుకోని, దానితోని పోల్చి కొలుస్తరు. దాన్ని నేను పోలిక చుక్క అంటుంటి. ఆ పోలిక చుక్క నిజంగ మారనిదేనా అని చూసుకోనీకి ఇంకొకటి, అది సాక్షి చుక్క. మా చుక్క, పోలిక, మళ్ల మా చుక్క, మళ్ల పోలిక, నడుమ నడుమ సాక్షి. రాత్రంత గిదే పని.

మా చుక్కకు దగ్గర్ల మంచి సాక్షి దొరకలే. దొరికినది జర పడమటికి ఉండె, మేడ్చల్ మీదికి. మేడ్చల్ల కంపెనీలు లేసినయి, రోడ్డు పొడుగూత గోదాములు, దాబాలు వచ్చినయి, అన్నిటికి పెద్ద పెద్ద బుగ్గలు. ఆ దిక్కు ఆకాశం ఏడాదికింత తెల్లగైకుంట వచ్చింది. సాక్షి చుక్క ఆ తెలుపుల మునుగుడుతోని దాని అంకెలు పిచ్చిపిచ్చిగ వస్తుండె. మేడమ్ కొన్నాళ్లు పరేషాన్ అయి, ఆఖరికి ఇగ సాక్షిని వదిలేద్దాం, ఉన్న సమయమంతా అసలు దానికే పెడదాం అన్నరు. అప్పటిదాక చూసినంతల పోలిక చుక్క నిలకడగనే ఉన్నది. ఆ పనిల ఉన్నోళ్లు ఎవరైనా అదే చేస్తుండె కావచ్చు. మా చుక్క వెలుగు మారుడు మాకు కనబడ్డది అటెనుక ఏడాది నుంచి.

రెండువేలు దాటినంక భూములకు రెక్కలొచ్చినయి. గుట్ట చుట్టు రాళ్లు పాతిండ్రు, రంగుల జెండాలు కట్టిండ్రు. సంస్థల పెద్దోళ్లకు గుట్ట మీద మోజు తీరింది. వెలుతురుల దుర్బిణి పెట్టుకొని ఏం చూస్తరు, మూసేసి ఆ జాగ ఇచ్చేద్దామని కొందరు, కొన్నాళ్లు చూద్దామని కొందరు. ఆఖరికి ఒక కమిటీ వేసిండ్రు. ఎండకాలంల వచ్చి చూస్తరట. మేడమ్ చుక్కకు తోడు ఉన్నదని తేలితె గుమ్మటం ఉంటది, కొత్త యంత్రం గూడ ఇస్తరు. లేకుంటె తాళం. మేడమ్‌కు ఇంకో పని లేదు, ఇంకో చుక్క లేదు. నాకు ఇంకో నౌకరీ చేతకాదు. ఆ ఎండకాలం మేమిద్దరం పరీక్ష రాసిన పిల్లల తీరుగ ఉన్నం.

కమిటీ వచ్చేది ఇంక రెండు రోజులున్నదనంగ, పగలంత ఉక్కపోసి, సాయంత్రం కంటె ముంగట గాలిదుమారం లేసింది. రేకులు ఎగిరినయి, చెట్లు పడ్డయి, కరెంటు స్తంభాలు పడ్డయి. ఒక్క వాన దంచి కొట్టి ఎల్లిపోయింది. పొద్దుగూకేసరికి మబ్బు మొత్తం విచ్చుకున్నది. నేను మోపెడ్ మీద చెట్ల కొమ్మలు తప్పించుకుంట గుట్ట కాడికి పోయి పైకెక్కి చూస్తె, నేను నౌకరీల చేరినప్పటి ఆకాశం మళ్ల వచ్చి నిలబడ్డది. శామీర్‌పేట లేదు, మేడ్చల్ లేదు. ఎటు చూసినా చీకటి, మీద చుక్కలు. గాలి కడిగినట్టున్నది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, నిజం చెప్తున్న.

మేడమ్ అప్పటికే వచ్చి మెట్ల మీద నిలబడ్డరు. చీర కొంగు తడిసిపోయి ఉన్నది. మేడ్చల్ దిక్కు చెయ్యి చూపెట్టి, ఇవాళ సాక్షి చుక్కను కూడా పలకరిద్దాం అన్నా, ఎన్నేళ్లయిందో అన్నరు. దూరపు చుట్టం రైలు దిగినంత సంబురం ఆమె గొంతుల. మా యంత్రానికి లారీ బ్యాటరీలు ఉండె, కరెంటుతోని పనిలేదు. గుమ్మటం తెరిచినం. మా చుక్క, పోలిక, సాక్షి. మొదటేడాది చేసిన తీరుగ, వరుస తప్పకుండ.

నేను అంకెలు చదువుతున్న, ఆమె రాసుకుంట చిన్న లెక్కల మిషన్ల కొడుతున్నరు. కాసేపటికి కొట్టుడు ఆగింది. మళ్లీ పోలిక మీదికి తిప్పండి అన్నా అన్నరు. తిప్పిన. మళ్ల సాక్షి మీదికి అన్నరు. తిప్పిన. ఇట్ల చాన సార్లు అయింది. కళ్లద్దాలు తీసి కొంగుతోని తుడుచుకొని మళ్ల పెట్టుకున్నరు. నాకు సంగతి అర్థమైతలేదు గని ఆమె ఊపిరి తీసే చప్పుడు మారింది. అడుగుదామంటె భయమైంది.

సంగతి ఏందంటె, మా చుక్కను సాక్షి చుక్కతోని పోల్చి చూస్తె మొదటేడాది ఎట్లుండెనో గట్లనే ఉన్నది, పిసరంత గూడ తేడా లేదు. పోలిక చుక్కను పెడితెనే తేడా వస్తున్నది. రెండు ఒక్క మాట మీద ఉన్నయి, మూడోది పక్కకు పోయింది. వెలుగు పెరుగుడు, తగ్గుడు అంత పోలిక చుక్కల ఉన్నది. అది పెరిగినప్పుడల్ల మా చుక్క తగ్గిందని మేం రాసుకున్నం, అది తగ్గితె మా చుక్క పెరిగిందని రాసుకున్నం. ఇన్నేండ్లు చీకటి కావాలె, చీకటి కావాలె అని మొక్కినోళ్లం. ఆ చీకటి వచ్చి మాకు చెప్పింది గిది.

"దీనికి తోడు లేదన్నా," అన్నరు మేడమ్. గొంతు మామూలుగనే ఉన్నది. "ఇన్నాళ్లూ కదిలింది ఇది కాదు. దేన్నయితే కదలదని నమ్మామో, అది."

ఇగ నేను ఏం మాట్లాడిన్నో ఉన్నదున్నట్టు చెప్తున్న. మేడమ్, ఇయ్యాల కరెంటు పోయింది గనక గీ సాక్షి కనబడ్డది, రేపు లైట్లు వస్తయి, మళ్ల ఎవ్వరికి కనబడది, ఇది మన ఇద్దరికి తప్ప లోకంల ఎవ్వరికి తెల్వది, ముంగట కమిటీ వచ్చి పోనీయుండ్రి, అటెనుక నిమ్మళంగ చూసుకుందాం అన్న. అట్ల అన్నందుకు అప్పుడు సిగ్గుపడలే, ఇప్పుడు పడుతలే. ఆమె ఒంటరిగ అన్నేండ్లు పడ్డ కష్టం నాకు ఎర్క. రెండు రోజులు నోరు మూసుకుంటె అది నిలబడుతదంటె మూసుకోమని ఎవరైనా చెప్తరు.

మేడమ్ కోపం చెయ్యలే. "మీరన్నది నిజమే, రేపు కనపడదు," అన్నరు. "కానీ నేను చూశాను కదా అన్నా."

అటెనుక ఆమె నన్ను గుమ్మటం మూయనియ్యలే. అంకెలు రాసుడు గూడ బందు పెట్టి, ఉత్తగ దుర్బిణి పక్కన స్టూలు మీద కూసున్నరు. కాసేపటికి ఎవరో స్విచ్చు వేసినట్టు మేడ్చల్ దిక్కు బుగ్గలన్ని ఒక్కపారి వెలిగినయి. సాక్షి చుక్క ఉన్న కాడ తెల్లటి ఆకాశం మిగిలింది. గప్పుడు లేచి, పదండి అన్నరు.

తెల్లారి మేడమ్ అర్ర తలుపు తీయలే. మా ఇంటామెకు చెప్తె, ఆమె బువ్వ, పచ్చిపులుసు గిన్నెలల్ల సదురుకొని పోయింది. చానసేపటికి ఖాళీ గిన్నెలతోని వచ్చింది. ఏమన్నది అని అడిగిన. ఏమనలే, తిన్నది, నా ఒళ్లె తలపెట్టి పండుకున్నది, నిద్రపోయినంక ఒచ్చిన అన్నది. వాళ్లిద్దరు అంతకు ముంగట గట్టిగ పది మాటలు మాట్లాడుకున్నది లేదు. నేను అన్నేండ్లు పక్కన ఉండి గంత సుత చెయ్యలేకపోయిన్నని నాకు బాధైంది.

కమిటీ జీపుల దిగింది. ముగ్గురు పెద్దమనుషులు, ఎంట మా సంస్థ పెద్దసారు. బండల మీద ఎండ సెగ కొడుతున్నది. చాయ్‌లు ఇచ్చిన, ఫ్యాను వాళ్ల దిక్కు తిప్పిన. మేడమ్ ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చిండ్రు. గోడకు పెడుదామని నెల రోజుల ముంగటనే గీసిపెట్టిన చుక్క వెలుగు పటాలు చుట్ట చుట్టి మూలకు నిలబెట్టి ఉన్నయి, వాటిని ముట్టుకోలే. నిలబడి రెండే ముక్కలు చెప్పిండ్రు. నా చుక్క మారడం లేదు, మారుతున్నది నేను ఎంచుకున్న పోలిక చుక్క, పొరపాటు నాది. నేను తలుపు కాడ నిలబడి ఆ చుట్ట చుట్టిన పటాల దిక్కు చూస్తున్న.

కమిటీల పెద్దాయన చెడ్డోడు కాదు. ఎప్పుడు తెలిసిందమ్మా అని మెల్లగ అడిగిండు. మొన్న రాత్రి అన్నరు మేడమ్. ఆయన కళ్లద్దాలు తీసి, ఒక్క రోజు చూసి అంత మాట ఎందుకు, ఇంకొన్నాళ్లు ఆగి చెప్పు, మేం గూడ ఆగుతం అన్నడు. తాడు అందిస్తున్నడు ఆయన. నేను మనసుల పట్టుకో తల్లీ, పట్టుకో అనుకుంటున్న.

"ఆగినా అది మారదండీ," అన్నరు మేడమ్.

ఆ తర్వాత అన్ని చకచక అయినయి. మూసేయాలని నిర్ణయం అయింది. మేడమ్‌ను ఎవ్వరు ఏమనలే, పెద్దసారైతె భుజం తట్టి పోయిండు, గుట్ట వదిలిందన్న నిమ్మళం ఆయన మొకంల కనబడ్డది. నేను అమాయకంగ, ఆ పోలిక చుక్క మారుతదని మనమే గద కనిపెట్టినం, అది చెప్పుకోవచ్చు గదా మేడమ్ అన్న. ఆమె అప్పటికే ఎవరినో అడిగి తెలుసుకున్నరు. వేరే దేశమోళ్లు రెండేండ్ల కిందనే అది కనిపెట్టి అచ్చేసిండ్రట. ఆ పత్రిక మా సిటీ ఆఫీసుల కట్ట విప్పకుండ పడి ఉన్నదట. మా అదృష్టం గంత సక్కగుండె. నన్ను సిటీ ఆఫీసుకు పగటి డ్యూటీకి వేసిండ్రు. మేడమ్‌కు ఆమె సొంతూరి దిక్కు ఏదో కాలేజీల పాఠాలు చెప్పే పని దొరికింది.

దుర్బిణి అద్దం ఇప్పనీకి మనుషులు వచ్చే ముంగటి సాయంత్రం మేడమ్, వదినను ఒకసారి తీసుకురండి అన్నరు. మా ఇంటామె అన్నేండ్లల్ల ఒక్కసారి గూడ ఆ గుట్ట ఎక్కలే. డ్యూటీల ఇంటోళ్లను తేవద్దని రూలు, నేను గూడ ఎన్నడు అనుకోలే. ఆమె కొత్త చీర కట్టుకొని, మోకాళ్లు నొస్తున్నయని నన్ను తిట్టుకుంట, మెట్లెక్కింది. మేడమే సొంతంగ దుర్బిణి తిప్పి, కంటితోని చూసే గొట్టం బిగించి, చుక్కను నడిమిట్లకు తెచ్చిండ్రు. మేం రోజూ చుక్కను గురి చూసి పెట్టి వెంటనే యంత్రానికి ఒప్పజెప్పేది. కండ్ల నిండ చూసింది మేము గూడ తక్కువ.

మా ఇంటామె ఒక కన్ను చేత్తోని మూసుకొని చానసేపు చూసింది. ఇంత సేపు ఏం చూస్తున్నదా అని నాకే అనిపించింది. ఆఖరికి తల ఎత్తి మేడమ్ దిక్కు తిరిగింది.

"సక్కగనే ఉన్నది గద," అన్నది. "దీనికేమైందని మీరిద్దరు గిన్నేండ్లు నాడి పట్టుకొని కూసున్నరు?"

ఆమె కావాలని అనలే, నిజంగనే అడిగింది. మేడమ్ ఒక్క నిమిషం బిత్తరపోయి చూసి, అటెనుక నవ్వుడు మొదలువెట్టిండ్రు. అన్నేండ్లల్ల ఆమె గట్టిగ నవ్వంగ నేను ఇన్నది గదే. రేకుల గుమ్మటం కద, నవ్వు చుట్టుపక్కల తిరిగి తిరిగి మా మీదికే వచ్చింది. నవ్వుకుంటనే మా ఇంటామె చెయ్యి పట్టుకున్నరు.

"ఏం కాలేదు వదినా. దానికేం కాలేదు. మేం కనిపెట్టింది అదే," అన్నరు. అటెనుక కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నరు. మా ఇంటామె ఆ చెయ్యి ఇడిసిపెట్టకుండ అట్లనే నిలబడ్డది. నేను చెయ్యనీకి ఏం లేక గుమ్మటం తలుపు తాడు సరిచేస్తున్నట్టు నటించిన.

తెల్లారి అద్దం ఇప్పి తీస్కపోయినంక మేడమ్‌ను బస్సెక్కించనీకి పోయిన. రెండు సంచులు, ఒక ట్రంకు, అంతే సామాను. సికింద్రాబాద్ల రైలు ఎక్కుతరు. పొద్దుగూకుతున్నది. అన్నేండ్లు ఆ యాళ్లకు ఇద్దరం గుట్ట ఎక్కేటోళ్లం, ఆ రోజు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డం. ఏదో ఒకటి మాట్లాడాలె గదా అని, ఇగ సాయంత్రాలు ఏం చేస్తరు మేడమ్ అని అడిగిన.

ఆమె నిజంగనే ఆలోచించిండ్రు. "తెలియదన్నా," అన్నరు. "అందరూ ఏం చేస్తారో వదిననడిగి నాకు చెప్పండి."

అడిగి చెప్త అన్న. బస్సొచ్చింది. ట్రంకు ఎత్తి పెట్టిన, ఆమె కిటికీ పక్కన కూసున్నరు. మళ్ల ఆమెను నేను చూడలే. ఆ గుట్టను తర్వాత పలగ్గొట్టి కంకర చేసిండ్రు, ఇప్పుడు అక్కడ ఇండ్లున్నయి. చుక్కది ఏం ఢోకా లేదు, ఉన్నకాడనే ఉన్నది. మా వాడకట్టుల మాత్రం కనబడది.

ఆ రోజు బస్టాండు నుంచి సీద ఇంటికి పోయిన. మా పిల్లలు, నేను, మా ఇంటామె అందరం కలిసి కూసోని తిన్నం. మబ్బు లేని రోజు అట్ల తినుడు మాకు గదే మొదలు. పిల్లలు నా దిక్కు కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసిండ్రు. అందరు పండుకున్నరు. నేను కాసేపు అరుగు మీద తిరిగి, నాకు గూడ పండుకునే యాళ్లయిందని గుర్తొచ్చి లోపలికి పోయిన.

మా ఇంటామె మంచం నడిమిట్ల, రెండు చేతులు చాపుకొని నిద్రపోతున్నది. అన్నేండ్లు ఒక్కతే పండి పండి ఆమెకు గట్ల అలవాటైంది. ఏ దిక్కు పండుకోవాల్నో నాకు తెల్వలే. జరుగు అందామని పక్కన నిలబడ్డ, నోరు రాలే. చాప తీసుకొని అరుగు మీదికొచ్చి, ఎప్పటి తీరుగనే, కండ్లు తెరుచుకొని కూసున్న.

తెల్లారంగ ఆమె లేచి, జుట్టు ముడేసుకుంట బయటికొచ్చింది. అరుగు మీద నన్ను చూసి, నిద్రకండ్లతోని, రోజు అడిగినట్టే అడిగింది.

"ఒచ్చినవా?"

ఒచ్చిన అన్న.